హోలీస్టోన్ బావి – మూడు వేలమంది మాట

పాఠ్యభాగములు: యోహాను 4:5-26, అపొ. కార్యములు 2:41-42

ఇంగ్లాండు దేశపు ఉత్తరపు కొనను, స్కాట్లాండు సరిహద్దుకు దగ్గరగా నార్తంబర్లాండు అను ప్రాంతమున్నది. అక్కడ కోక్వెట్ నది లోయలో హోలీస్టోన్ అను చిన్న గ్రామము. ఊరు దాటి పొలముల మధ్య కాలిబాటను కొంతదూరము నడిచితే ఒక చెట్ల గుంపు, దాని నడుమ రాతి అంచు కట్టిన పొడవాటి నీటిగుంట కనబడును. పేరుకు బావియే గాని మన బావులవలె లోతుగా త్రవ్వినది కాదు. గిలక లేదు, చేద లేదు. నేలలోని ఊట ఉబికి గుంటను నింపుచున్నది. నీటి నడుమ ఒక రాతి సిలువ, ఒక చివర పౌలీనస్ అను బిషప్పు విగ్రహము ఉన్నవి. మధ్యయుగములలో ఇక్కడ కన్యస్త్రీల మఠముండెను. అందువలన దీనికి మరియమ్మ పేరు వచ్చి, 'లేడీస్ వెల్' అని పిలువబడుచున్నది. మేము వెళ్లిన దినమున అక్కడ మరెవ్వరును లేరు. ఆ నిశ్శబ్దము మాకు నచ్చెను.

సిలువ మీద చెక్కిన మాటల సారాంశమిది: 627వ సంవత్సరము ఈస్టరు పండుగనాడు పౌలీనస్ ఈ స్థలమున మూడు వేలమంది నార్తంబ్రియా వారికి బాప్తిస్మమిచ్చెను. బాప్తిస్టులమైన మనకు ఈ మాట వినగానే హృదయము పొంగును. పెంతెకొస్తు దినమున చేర్చబడినవారి లెక్కయు అదే గదా!

అయితే ఇది నిజమేనా? పౌలీనస్‌ను గూర్చి మనకు తెలిసినది ముఖ్యముగా బీడ్ అను పండితుడు 731లో ముగించిన సంఘచరిత్ర వలననే. ఆయన వ్రాసిన ప్రకారము 627 ఏప్రిల్ 12, ఈస్టరునాడు, ఎడ్విన్ రాజు యార్కు పట్టణములో, త్వరత్వరగా కొయ్యతో కట్టిన పేతురు దేవాలయములో బాప్తిస్మము పొందెను. పౌలీనస్ ఆ దినమున అక్కడ నుండెను. యార్కుకును హోలీస్టోనుకును మధ్య దాదాపు నూరు మైళ్లు. ఒకే దినమున రెండుచోట్ల ఉండుట ఎవరి తరము? సిలువ నిలిపినది అనేక శతాబ్దముల తరువాత. రాతిమీద చెక్కినంత మాత్రాన అది సాక్ష్యము కానేరదు. ఇట్లు చెప్పుట భక్తిని తగ్గించుట కాదని మా అభిప్రాయము.

ఆ బీడే మరియొక సంగతి వ్రాసెను. ఇక్కడికి ఇరువది మైళ్లలోపున యెవరింగ్ అనుచోట రాజుగారి నివాసముండెను. అక్కడ పౌలీనస్ 36 దినములు నిలిచి, ఉదయము మొదలు సాయంకాలము వరకు, చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చినవారికి బోధించి, బోధ పొందినవారికి దగ్గరనున్న గ్లెన్ నదిలో బాప్తిస్మమిచ్చెను. బీడ్ దినముల లెక్క చెప్పెను గాని మనుష్యుల లెక్క చెప్పలేదు. ముందు బోధ, తరువాత నీళ్లు. ఆ వరుసను మాత్రము స్పష్టముగా వ్రాసెను. 1950లలో అక్కడ త్రవ్వగా పెద్ద కొయ్య మందిరములును, జనులు మెట్లు మెట్లుగా కూర్చుండి వినుటకు కట్టిన కట్టడపు గుర్తులును బయలుపడెను.

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలోను ఒక పెద్ద లెక్క ఉన్నది. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరముగా వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీళ్లలో నిలిచిరి. క్లౌ దొరగారు తాను ఎవరికిని ఇవ్వలేదు. ఈ లెక్క పనిచేసినవారే ఉంచినది. దానికంటె మనము ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసినది వేరొకటి: కరవు సహాయము జరుగుచున్న కాలములో, జనులు గుంపులుగా అడుగుచుండినను, క్లౌగారు పదిహేను నెలలు బాప్తిస్మములు ఆపివేసిరి. అన్నము కొరకు ఎవరును నీళ్లలోనికి దిగరాదని ఆయన తలంపు. 2,222 అను అంకె మన పిల్లలకు కంఠస్థము; ఆ పదిహేను నెలలను గూర్చి వారికి ఎవరు చెప్పుచున్నారు?

ఇక బావి పవిత్రమా అను ప్రశ్న. ఇంగ్లాండులో ఇట్టి బావులు వందలాదిగా ఉన్నవి. కొన్నిచోట్ల జనులు ఇప్పటికిని ప్రక్క చెట్లకు గుడ్డపీలికలు కట్టుదురు, నీళ్లలో నాణెములు వేయుదురు. ఇది చూచి మనవారు ఆశ్చర్యపడనక్కరలేదు. మన ఊళ్లలోను చెట్లకు కట్టిన ముడుపులు చూచియున్నాము. 11వ శతాబ్దములో కనూట్ రాజు తన శాసనములో బావులను, రాళ్లను, చెట్లను పూజించుట నిషేధించెను. అయినను అలవాటు పోలేదు. సమరయ స్త్రీ యాకోబు బావి దగ్గర ఏ స్థలమున ఆరాధించవలెనని అడిగినప్పుడు ప్రభువు ఏ కొండ పేరును చెప్పలేదు గదా.

ఆ బాప్తిస్మముల తరువాత ఏమి జరిగెను? 633లో ఎడ్విన్ యుద్ధములో చంపబడెను. దేశము చెదరిపోయెను. పౌలీనస్ రాణిని తీసికొని ఓడమీద దక్షిణమున కెంటు దేశమునకు వెళ్లి, రోచెస్టరు బిషప్పుగా 644లో మరణించెను. ఆయన వెంట వచ్చిన యాకోబు అను డీకను మాత్రము వెళ్లక అక్కడనే నిలిచెను. బోధించుచు, బాప్తిస్మమిచ్చుచు, నెమ్మది కలిగిన తరువాత సంఘస్థులకు పాటలు నేర్పుచు ముసలితనము వరకు జీవించెను. ఆయన పేరున ఏ సిలువయు మేము చూడలేదు. అయితే కాటరిక్ దగ్గర ఆయన నివసించిన పల్లెను తన కాలము వరకు జనులు యాకోబు పేరుతోనే పిలుచుచుండిరని బీడ్ వ్రాసియున్నాడు.