ప్రశ్నలు - జవాబులు: శ్రీలంకలో ముందు డ్రైవరును నిద్రపోనివ్వండి

ప్రశ్న: అమ్మకు 64, నాన్నగారికి 70. జోగులాంబ, భ్రమరాంబ, పురుహూతిక, మాణిక్యాంబ దర్శనాలు అయ్యాయి. ఇక ట్రింకోమలీ శాంకరీదేవిని చూడాలంటున్నారు. ట్రావెల్స్‌వాళ్లు అయిదు రాత్రుల ప్యాకేజీ ఇచ్చారు. దిగినరోజే ట్రింకోమలీ, తర్వాత వరసగా సిగిరియా, క్యాండీ, నువారా ఎలియా సీతమ్మ గుడి, కతరగామ, కొలంబో. 2019 బాంబులు, 2022 గొడవలు గుర్తొస్తే భయం వేస్తోంది. పంపొచ్చా, వద్దా? — పి. ఆర్., హైదరాబాద్

జవాబు: పంపండి. ఈ ప్యాకేజీలో మాత్రం పంపకండి.

శ్రీలంక గురించి వచ్చే ఉత్తరాల్లో అందరూ బాంబుల గురించి అడుగుతారు. దారి గురించి ఎవరూ అడగరు. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం నాడు మూడు చర్చిల్లో, కొలంబోలోని మూడు పెద్ద హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగి 260 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మన దేశస్థులూ ఉన్నారు. 2022లో విదేశీ మారకం అడుగంటి జనం పెట్రోలు కోసం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు, జులైలో అధ్యక్షుడు దేశం విడిచి వెళ్లిపోయాడు. 2024 అక్టోబరులో తూర్పు తీరంలోని అరుగం బే మీద దాడి జరగవచ్చని అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది. ఇవేవీ కొట్టిపారేసే సంగతులు కావు. అయితే అదే 2024లో ఆ దేశానికి 20 లక్షలకు పైగా విదేశీ యాత్రికులు వెళ్లారు, దేశాలవారీగా చూస్తే వాళ్లలో మనవాళ్లే ఎక్కువ. బయల్దేరే ముందు కొలంబోలోని మన హైకమిషన్ ప్రకటనలు చూసుకోవాలి, ఊరేగింపులూ ధర్నాలూ కనబడితే అక్కడ ఆగకూడదు. దాడుల విషయంలో మీరు చేయగలిగింది ఇంతే. దారి విషయంలో చేయగలిగింది చాలా ఉంది.

2025 మే 11 తెల్లవారుజామున కతరగామ నుంచి వస్తున్న బస్సు కొత్మలే దగ్గర లోయలో పడి 20 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో ఓ రాత్రి ఎల్లా నుంచి వెల్లవాయకు దిగే ఘాట్‌లో మరో బస్సు పడిపోయింది. రెండూ చీకటివేళ జరిగినవే. రెండూ కొండదారులే. మీ ప్యాకేజీలో నువారా ఎలియా నుంచి కతరగామకు దిగే వ్యాను తిరిగేది ఆ కొండల్లోనే.

ఇప్పుడు డ్రైవరు సంగతి. మీ అమ్మానాన్నల్ని ఎక్కించుకోవడానికి వచ్చే మనిషి అంతకుముందే ఇంకో బృందాన్ని కటునాయక విమానాశ్రయంలో దింపి, అక్కడే సీట్లో నడుం వాల్చి ఉండవచ్చు. ఆ వెంటనే ట్రింకోమలీకి దాదాపు ఆరు గంటల ప్రయాణం. పెద్ద హోటళ్లలో డ్రైవర్లకు విడిగా పడకలుంటాయి. చిన్నవాటిలో చాలాచోట్ల ఉండవు, వ్యానులోనే దోమల మధ్య పడుకుంటారు. మర్నాడు ఘాట్‌రోడ్డు. హోటల్లో ఏసీ ఉందా, ఇడ్లీ దొరుకుతుందా అని అడిగే మనం ఈ ఒక్క మాట ఎందుకు అడగం? ట్రావెల్స్‌వాళ్లను అడగండి: ప్రతిరాత్రీ డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు? కాగితం మీద రాసిమ్మనండి. గది లేదంటే ఆ అద్దె మీరే కట్టండి. మీ అమ్మానాన్నల క్షేమానికి పెట్టే ఖర్చుల్లో ఇంతకంటే అక్కరకొచ్చేది ఇంకోటి లేదు.

తర్వాత ప్యాకేజీని తగ్గించండి. దిగినరోజు నెగొంబోలో విశ్రాంతి. రెండో రోజు దంబుల్లా మీదుగా ట్రింకోమలీ. అక్కడే రెండు రాత్రులు. కోనేశ్వరం, శాంకరీదేవి గుళ్లు ఫ్రెడరిక్ కోటలో ఉన్నాయి. ఆ కోటలో సైన్యం ఉంటుంది కాబట్టి గుడి తప్ప మరేదీ ఫొటో తీయకండి. తిరుగు దారిలో క్యాండీ. సీతమ్మ గుడి తప్పనిసరి అనుకుంటే ఇంకో రెండు రాత్రులు కలుపుకోండి. కతరగామ ఈసారికి వదిలేయండి. సిగిరియా 1,200 మెట్లు, పైగా అక్కడ పెద్ద తేనెటీగలు అప్పుడప్పుడు లేచి కుడతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది తోటలు చూసి తృప్తిపడవచ్చు. సాయంత్రం ఆరు దాటాక ఘాట్‌లో చక్రం తిరగకూడదని డ్రైవరుకు మొదటిరోజే చెప్పండి.

వాన కూడా చూసుకోవాలి. 2025 నవంబరు చివర దిత్వా తుపాను వచ్చినప్పుడు క్యాండీ, నువారా ఎలియా, బదుల్లా కొండలు విరిగిపడి, వరదలు ముంచెత్తి 600 మందికి పైగా చనిపోయారు. కొండచరియల హెచ్చరికలను అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ మూడు స్థాయిల్లో ఇస్తుంది. వాటిలో ఎరుపు అంటే ఆ చోటు ఖాళీ చేయాలని అర్థం. నారింజరంగు వచ్చినప్పుడే ప్రయాణం ఆపుకోండి. బుక్ చేసిన గది డబ్బు పోతే పోనివ్వండి.

ఇంకొక్క మాట. ఆ దేశంలో అంబులెన్స్ నంబరు 1990. డబ్బు తీసుకోరు. 2016లో భారత ప్రభుత్వ సాయంతో మొదలైన ఈ సేవను అక్కడ నిలబెట్టింది మన 108ని నడిపిన హైదరాబాద్ సంస్థే. నాన్నగారి ఫోన్లో ఆ నంబరు ఎక్కించండి. ఇన్సూరెన్సులో బీపీ, షుగర్‌లాంటి పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: ఎల్లా రైల్లో తలుపు దగ్గర బయటికి వేలాడుతూ ఫొటో దిగాలని ఉంది. మెల్లగానే వెళ్తుందట కదా? — ఎస్. కె., విజయవాడ

జవాబు: వద్దు. రైలు మెల్లగా వెళ్లినా సొరంగం గోడ పక్కకు జరగదు. అలా వేలాడి ప్రాణాలు పోగొట్టుకున్న యాత్రికులున్నారు.

ప్రశ్న: మేం అయిదుగురం స్నేహితులం, చిన్నప్పటి నుంచి ఆర్కే బీచ్‌లో ఈదినవాళ్లం. జులైలో హిక్కడువ, ఉనవటున వెళ్తున్నాం. సముద్రం గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిందేమైనా ఉందా? — డి. వి., విశాఖపట్నం

జవాబు: ఆర్కే బీచ్‌లో ఈత వచ్చినవాళ్లు ఎంతమంది మునిగిపోయారో విశాఖలో పెరిగిన మీకు నేను చెప్పాలా? ధైర్యం ఎక్కువైనవాళ్లే లోతుకు వెళ్తారు.

మీరు ఎంచుకున్న నెలకూ తీరానికీ పొసగదు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల శ్రీలంక పడమర, దక్షిణ తీరాలు పోటెత్తి ఉంటాయి. ఆ నెలల్లో తూర్పున ట్రింకోమలీ దగ్గరి నిలావెలి, బట్టికలోవా వైపు పాసికూడ నెమ్మదిగా ఉంటాయి. నవంబరు వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. కాబట్టి టిక్కెట్లు ఉంచుకుని తీరం మార్చుకోండి.

ఎక్కడైనా సరే, ఎర్రజెండా ఉంటే దిగకండి. అటూ ఇటూ కెరటాలు విరుగుతూ మధ్యలో ఓ సందు మాత్రం నునుపుగా కనిపిస్తే అది దిగడానికి మంచి చోటు అనుకుంటారు. నీళ్లు సముద్రంలోకి తిరిగి పోయేది ఆ సందులోంచే. అందులో పడితే ఒడ్డువైపు ఈదకండి, ఎంత బలమున్నా ఓడిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగడం ఆగాక వెనక్కి రండి. ఒకరు కొట్టుకుపోతుంటే రెండోవాడు ఉత్త చేతులతో దూకకూడదు. తేలే వస్తువు ఏదైనా విసరండి, అరిచి మనుషుల్ని పిలవండి. తాగిన రోజు నీళ్లలోకి దిగకండి. నీళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గితే చూస్తూ నిలబడకుండా ఎత్తుకు పరుగెత్తండి. 2004 డిసెంబరు 26న హిక్కడువ పక్కనే పెరలియ దగ్గర సునామీ ఓ రైలును ముంచేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది.

అరుగం బే వైపు వెళ్తే అక్కడి మడుగుల్లో చేతులు కూడా కడగకండి. 2017లో ఓ బ్రిటిష్ పాత్రికేయుణ్ణి అక్కడే మొసలి పట్టుకుంది.

ప్రశ్న: మలేరియా మాత్రలు వేసుకుని వెళ్లాలా? — ఎం., ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. డెంగీ ఉంది, పగలు కూడా దోమల మందు రాసుకోండి. కుక్కగానీ కోతిగానీ కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదేరోజు రేబిస్ టీకా వేయించుకోండి. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకోవద్దు.

ప్రశ్న: చేతిమీద బుద్ధుడి పచ్చబొట్టు ఉంది. ఇబ్బందా? — ఆర్., నెల్లూరు

జవాబు: ఇబ్బందే. 2014లో ఇదే కారణంగా ఒక బ్రిటిష్ యాత్రికురాలిని వెనక్కి పంపేశారు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం కూడా అక్కడ తప్పే.

ప్రశ్న: కొలంబో గాల్ ఫేస్ దగ్గర ఒకాయన "మీ హోటల్లోనే పనిచేస్తాను, గుర్తుపట్టలేదా?" అని పలకరించాడు. ఈ ఒక్కరోజే గుడిలో ఏనుగుల ఉత్సవం అని ఆటో ఎక్కించి, చివరికి రత్నాల కొట్టుకు తీసుకెళ్లాడు. ఇండియాలో మూడింతలకు అమ్ముకోవచ్చంటే నీలం కొన్నాం. ఇక్కడ చూపిస్తే గాజంటున్నారు. ఇంట్లో చెప్పుకోలేకపోతున్నాను. — పేరు వద్దు, రాజమండ్రి

జవాబు: ముందు ఇంట్లో చెప్పండి. సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు, మీరు కాదు. ఆ మాటలన్నీ అక్కడ ఏళ్ల తరబడి ఎందరి దగ్గరో వల్లించినవే. కొట్టువాడు ఇచ్చే కమీషన్ కోసమే ఆయన, ఆటో అతను మీ వెంట తిరిగారు.

కార్డుతో కట్టి ఉంటే ఈరోజే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రసీదు, రాయి భద్రంగా ఉంచండి. అక్కడి టూరిస్టు పోలీసులకూ రాయండి. ఇంకా ఆ దేశంలోనే ఉన్నవాళ్లయితే అక్కడి పర్యాటక సహాయ నంబరు 1912. వెళ్లబోయేవాళ్లకు: రత్నాలు కొనాలనే ఉంటే డబ్బు కట్టకముందే నేషనల్ జెమ్ అండ్ జువెలరీ అథారిటీలో పరీక్ష చేయించండి. దానికి ఒప్పుకోని కొట్టు గడప దిగిపోండి. మాతలే మసాలా తోటల్లో అంటగట్టే ఆయుర్వేద నూనెలకూ ఇదే జాగ్రత్త.

ప్రశ్న: స్నేహితుడి స్నేహితుడు ఓ పార్సిల్ కొలంబోలో ఇమ్మంటున్నాడు. మొహమాటంగా ఉంది. — టి., వరంగల్

జవాబు: తీసుకోకండి. మాదకద్రవ్యాల కేసుల్లో అక్కడి చట్టం ఉరిశిక్ష దాకా వెళ్తుంది. మొహమాటపడ్డానంటే కోర్టు వినదు.

ప్రశ్న: జాఫ్నా, ముల్లైతీవు చూడాలనుంది. మందుపాతరలు ఇంకా ఉన్నాయా? — జి. ఎన్., తిరుపతి

జవాబు: 1983 నుంచి 2009 దాకా యుద్ధం జరిగిన నేల అది. జాఫ్నా పట్నం, నల్లూరు కందస్వామి గుడి, ప్రధాన రహదారి అన్నీ మామూలుగా తిరిగే చోట్లే. ముల్లైతీవు, కిళినొచ్చి, మన్నారు జిల్లాల్లో మాత్రం మందుపాతరలు తీసే పని ఇంకా పూర్తి కాలేదు. పుర్రె గుర్తున్న ఎర్రబోర్డు దాటకండి. బోర్డు లేకపోయినా పదిమంది నడిచిన బాట తప్పకండి. మూత్రానికని పొదల్లోకి వెళ్లకండి. ఇనుప ముక్క ఏదీ ముట్టుకోకండి. జాఫ్నాలో మన కాన్సులేట్ ఉంది, చిరునామా దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: నాకు 27. ఒక్కదాన్నే పది రోజులు వెళ్దామనుకుంటున్నాను. అమ్మ ససేమిరా అంటోంది. — ఎల్., బెంగళూరు

జవాబు: వెళ్లండి తల్లీ. ఎన్నో దేశాల అమ్మాయిలు ఒంటరిగా తిరిగే చోటే అది. ఏ ఇబ్బందీ రాదని మాత్రం చెప్పను. కిక్కిరిసిన బస్సుల్లో ఒళ్లు తగిలించేవాళ్లు, బీచ్‌లో వెంటపడేవాళ్లు అక్కడా ఉన్నారు. రిజర్వేషన్ ఉన్న రైల్లోనే వెళ్లండి. ఒక కుటుంబం కాపురముండే ఇంట్లోని గెస్ట్‌హౌస్ చూసుకోండి. ఆటోను పిక్‌మీ యాప్‌లో పిలవండి. చీకటిపడ్డాక బీచ్‌లో ఒంటరిగా నడవకండి, తెలియనివాళ్లు ఇచ్చింది తాగకండి. ఎవరైనా చెయ్యి వేస్తే పెద్దగా అరవండి, చుట్టూ ఉన్న ఆడవాళ్లు మీవైపు నిలబడతారు.

పది రోజులకు పది ఊళ్లు పెట్టుకోకండి. క్యాండీ, ఎల్లా, గాల్ చాలు. ప్రతి ఊరికీ పగటి వెలుగులో చేరాలి. ఆ ఊళ్లు, గెస్ట్‌హౌస్ ఫోన్లు, రైలు వేళలు ఒక కాగితం మీద రాసి అమ్మ చేతికివ్వండి. విమానాశ్రయంలోనే లోకల్ సిమ్ కొనుక్కుని, రోజూ రాత్రి ఎనిమిదిలోపు ఫోన్ చేస్తానని మాటివ్వండి. ఒక్కరోజు కూడా ఆ మాట తప్పకండి.