కాగితం లేదని కాలేజీ ఆపకండి: డిగ్రీ సీటుకు, ఫీజు సాయానికి ఏ పత్రం ఎక్కడ తీయించుకోవాలి?

ఇంటర్ పాసైన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు,

ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌లుగా, ఇళ్లలో పనివాళ్లుగా, భవన నిర్మాణ కూలీలుగా ఉన్న చాలా కుటుంబాలు వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవే. రేషన్ కార్డు ఊళ్లో ఉంటుంది. ఆధార్‌లో పాత అడ్రస్ ఉంటుంది. కుల సర్టిఫికెట్ అసలు తీయించి ఉండరు. సీట్ల టైమ్ వచ్చేసరికి "మనకు కాగితాల్లేవు, ఈ ఏడాది పనిలో చేరు" అనేస్తారు. అలా పనిలో చేరినవాళ్లలో చాలామంది మళ్లీ కాలేజీ గడప తొక్కరు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: సీటు వేరు, సాయం వేరు. సాయానికి కావాల్సిన పత్రం లేదని సీటు వదులుకోవద్దు. డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా ఇస్తారు. కుల పత్రం చేతిలో లేకపోతే రిజర్వేషన్ వర్తించదు. కానీ జనరల్ కింద అప్లై చేయడానికి అడ్డు లేదు.

1. పుట్టిన తేదీ
బర్త్ సర్టిఫికెట్ లేదని కంగారు వద్దు. పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే కావాలన్న కొత్త చట్టం 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకే. మీకు పదో తరగతి మెమో సరిపోతుంది. మెమో పోతే, చదివిన స్కూల్ హెడ్మాస్టర్ ద్వారా డూప్లికేట్‌కు దరఖాస్తు చేయండి.

2. ఆధార్
ఎక్కువమందికి వచ్చే చిక్కు ఆధార్ లేకపోవడం కాదు, పేరు కలవకపోవడం. మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు. మెమో ప్రకారం ఆధార్‌ను సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. కాబట్టి స్పెల్లింగ్ చూసుకున్నాకే సంతకం పెట్టండి. ఫోన్ నంబర్ ఆధార్‌కు లింక్ కాకపోతే మీసేవలో గానీ, దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రంలో గానీ రిజిస్టర్ చేయించుకోవచ్చు.

3. ఆదాయ, కుల పత్రాలు
రెండూ మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ కార్యాలయం ఇస్తుంది. జీతం చేతికే ఇస్తారు, స్లిప్ లేదు అంటారా? కూలి పనివాళ్లకు ఆదాయంపై సొంత ప్రకటన, అధికారుల విచారణ ఉంటాయి. విచారణకు ఫోన్ వస్తే తప్పకుండా ఎత్తండి. చాలా ఫైళ్లు ఆగేది అక్కడే. రసీదు దాచుకోండి. బ్రోకర్ చేతికి ఒరిజినల్స్ ఇవ్వకండి.

4. స్థానికత
ఇంటర్ వరకు వరుసగా 4 ఏళ్లు తెలంగాణలో చదివితే, మీ ఊరు ఏదైనా, ఇక్కడ స్థానిక అభ్యర్థి అవుతారు. ఇందుకు స్టడీ సర్టిఫికెట్లే ఆధారం. స్కూళ్లు మారినవాళ్లు ప్రతి స్కూల్ నుంచీ తీసుకోవాలి. కుల పత్రం సంగతి వేరు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుటుంబానికి కుల హోదా సొంత రాష్ట్రంలోనే వర్తిస్తుంది. ఎస్సీల పోస్ట్‌మెట్రిక్ కేంద్ర పథకంలో స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది కూడా సొంత రాష్ట్రమే. కాలేజీలో చేరకముందే అక్కడి జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగండి.

5. డబ్బు సాయం ఎక్కడ?
• తెలంగాణ ఈపాస్: ఫీజు రీయింబర్స్‌మెంట్, నిర్వహణ భత్యం. పట్టణాల్లోని బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. బ్యాంకు ఖాతా ఆధార్‌కు లింకై ఉండాలి. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి.
• కేంద్ర స్కాలర్‌షిప్: ఇంటర్‌లో తమ బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో ఉండి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే డిగ్రీకి ఏడాదికి 12,000 రూపాయలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. ఆధార్ నంబర్ ఇంకా రాకపోతే ఎన్‌రోల్‌మెంట్ ఐడీతో రిజిస్టర్ కావచ్చు. ఇదీ, ఈపాస్ సాయమూ రెండూ కలిపి తీసుకోకూడదు.
• విద్యా రుణం: బ్యాంకుల నమూనా పథకంలో 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. తల్లి లేదా తండ్రి కలిసి సంతకం చేయాలి. ఇది సాయం కాదు, అప్పు. మిగతావి చూశాకే దీనికి వెళ్లండి.

6. ఒరిజినల్స్ ఎవరి దగ్గర?
కాలేజీ మీ ఒరిజినల్స్ చూసి, పోల్చుకుని వెంటనే తిరిగి ఇవ్వాలి. తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని 2018 అక్టోబర్‌లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. రీయింబర్స్‌మెంట్ రాలేదని మెమోలు ఆపితే రాతపూర్వకంగా అడగండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

7. ఎక్కడైనా ఆగిపోతే
సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో రసీదు నంబర్‌తో అర్జీ ఇవ్వండి. న్యాయ సలహాకు 15100కు ఫోన్ చేయండి. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం.

ఈ రోజే చేయాల్సింది: మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చండి. తేడా కనిపిస్తే రేపే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. సీట్ల టైమ్ దాకా ఆగకండి.