మైక్రోస్కోపు కాదు, మనిషిని అడుగు

చిట్టితల్లీ,

ఆ కుటుంబం దగ్గర డబ్బు తీసుకుంటే చెయ్యి చాచినట్టు కాదా అని అడిగావు. నీ కోసం అడిగితే అవును. తండ్రిని గ్లయోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ తీసుకుపోయింది, ఆ జబ్బు గురించి ఇంకొంచెం తెలుసుకోండని ఆ పిల్లలే ముందుకొచ్చారు. అందులో నువ్వు తల దించుకోవలసింది ఏముంది? మనిషి మంచం మీద ఉండగా మాత్రం అలాంటి ఊసు ఎత్తకూడదు. మీరు ఎత్తలేదు, సంతోషం.

నా మనసుకు కష్టమైంది నీ రెండో పేరా చదివాక. "ఎలాగూ ఇస్తామంటున్నారు కదా పెదనాన్నా, కొత్త ఆపరేటింగ్ మైక్రోస్కోపు అడుగుదామనుకుంటున్నాం" అని రాశావు. న్యూరోసర్జరీ ఎమ్‌సీహెచ్ రెండో ఏడాదిలో ఉన్నదానివి, ఇంతేనా ఆలోచించింది? మైక్రోస్కోపు కొనడం ప్రభుత్వం పని. ఇండెంటు పెట్టండి, టెండరు పిలుస్తారు, ఆలస్యంగానైనా వస్తుంది. దాతలిచ్చిన మైక్రోస్కోపుకు వారంటీ తీరాక ఏటేటా మరమ్మతుల ఖర్చు ఎవరు కట్టాలో తేలదు, అది గుడ్డ కప్పుకుని మూలన పడుంటుంది. ఏ ఇండెంటు పెట్టినా రానిది మనిషికి కావలసిన తీరిక. దానికోసం అడగాలి దాతని.

మెదడు సర్జన్ పెన్‌ఫీల్డ్ అనగానే నీకు మెదడు మీద పెద్ద పెద్ద చేతులూ పెదవులూ గీసిన ఆ బొమ్మ గుర్తొస్తుంది. దాని వెనక ఎవరి డబ్బుందో మీ క్లాసులో చెప్పి ఉండరు. న్యూయార్కులో ఉన్నప్పుడు ఆయన మూర్ఛలొచ్చే ఒక కుర్రాడికి ఆపరేషన్ చేశాడు. ఆ కుర్రాడి తల్లి, ఆట్‌మన్ అనే ఆవిడ, మూర్ఛ మీద పరిశోధనకని కొంత నిధి ఇచ్చింది. దాని అండతోనే పెన్‌ఫీల్డ్ 1928లో బ్రెస్లావ్ వెళ్ళి ఫోర్స్టర్ పక్కన నిలబడి పని నేర్చుకోగలిగాడు. యుద్ధంలో తలకు దెబ్బతగిలి, ఆ మచ్చ వల్ల మూర్ఛలొస్తున్న సైనికులు ఫోర్స్టర్ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన తల చర్మం వరకే మొద్దుబార్చి, రోగి మెలకువగా ఉండగానే మెదడును సన్నని కరెంటుతో తాకి చూసుకుంటూ మచ్చను తీసేవాడు. మీ పుస్తకాల్లో మాంట్రియల్ పద్ధతి అని ఉండేదానికి పునాది అక్కడ పడింది. ఒక తల్లి ఇచ్చిన డబ్బు ఒక డాక్టరుకు కొన్ని నెలల తీరిక కొనిపెట్టింది, అంతే.

ఆ తర్వాత మాంట్రియల్‌లో న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాలని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు అర్జీ పెట్టాడు. మొదటిసారి కుదరలేదు. 1932లో 12 లక్షల 32 వేల డాలర్లు మంజూరయ్యాయి, 1934లో సంస్థ తెరిచారు. ఇక్కడ నెమ్మదిగా చదువు. ఆ మొత్తంలో 10 లక్షలు మూలనిధిగా పెట్టారు. గోడలకూ గదులకూ పోయింది మిగిలిన 2 లక్షల పైచిలుకే. అసలు కదలకూడదు, ఏటా వచ్చే రాబడితో పరిశోధన నడవాలి. రోగుల ఖర్చుకు మాంట్రియల్ నగరమూ క్విబెక్ ప్రభుత్వమూ ఏటా ఇంత అని ఒప్పుకున్నాయి. విత్తనపు వడ్లు దంచుకుని తినకూడదని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆసుపత్రులకు మాత్రం చెప్పాల్సి వస్తోంది. అలా నడిచిన చోటికే 1938లో ఈఈజీ పట్టుకుని హెర్బర్ట్ జాస్పర్ వచ్చాడు, 1950లో జ్ఞాపకశక్తిని పరీక్షించే బ్రెండా మిల్నర్ వచ్చింది. ఇద్దరూ సర్జన్లు కారు. వాళ్ళు లేకపోతే పెన్‌ఫీల్డ్ కత్తికి ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు.

ఆ డాలర్లు మాంట్రియల్‌లోనే ఆగిపోలేదు తల్లీ. అక్కడ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాందీ గారు 1949లో వెల్లూరులో మన దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టారు, శిష్యుల్ని తయారుచేశారు. ఆ వెల్లూరు ఆసుపత్రి కూడా షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు చనిపోయిన తన భార్య పేర డాక్టర్ ఐడా స్కడర్‌కు ఇచ్చిన 10 వేల డాలర్లతో లేచిందే. చెన్నైలో వీహెచ్‌ఎస్‌లో రామమూర్తి గారు పెట్టిన న్యూరోసర్జరీ కేంద్రానికి మన ఆచంట లక్ష్మీపతి గారి పేరుంది. హైదరాబాదు నిమ్స్ నిజాం ధర్మనిధి కట్టించిన ఎముకల ఆసుపత్రిగా మొదలైంది. ఇవన్నీ తెలిసి ఉంటే చెయ్యి చాచడమనే మాట నీ ఉత్తరంలో ఉండేది కాదు.

సరే, ఏమడగాలి? ఒక రీసెర్చ్ నర్సుకు మూడేళ్ళ జీతం అడుగు. గడ్డ తీసి, రేడియేషన్ ఇచ్చి పంపిన రోగి ఊరెళ్ళాక మీకు కనబడతాడా? ఫోన్ నంబరు మారుతుంది, బస్సు ఛార్జీకి డబ్బుండదు, మళ్ళీ చేయాల్సిన ఎమ్మారై చేయరు. ఎవరు ఎన్నాళ్ళు బతికారో, ఎలా బతికారో తెలియకుండా మీరు రాసే పేపరుకు విలువేమిటి? ప్రతి రోగికీ ఫోన్ చేసి, దారిఖర్చు చేతిలో పెట్టి, కాగితం మీద ఎక్కించే మనిషి ఒక్కరుంటే మీ విభాగం మారిపోతుంది. తీసిన గడ్డ ముక్కల్ని మైనస్ 80లో దాచే ఫ్రీజరు ఆ తర్వాతి మాట. ఇంకా మిగిలితే మీ జూనియర్లకు ఒక బల్ల మైక్రోస్కోపూ, 10-0 దారమూ కొనండి. కోడి రెక్కలోని రక్తనాళాల మీద కుట్లు నేర్చుకుంటారు. రోగి మీద నేర్చుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు.

రశీదూ పన్ను మినహాయింపూ సంగతి మీ ఆఫీసు చూసుకుంటుంది. ఆ కుటుంబంలో పెద్దబ్బాయి అమెరికా పౌరుడైతే మాత్రం అతని డబ్బు విదేశీ విరాళాల చట్టం కిందికొస్తుంది, ముందే కనుక్కో. తండ్రిగారి పేరు పెట్టమంటే మనసారా పెట్టండి. ఏ రోగిని చేర్చుకోవాలో, ఫలితం ఎలా రావాలో మాత్రం వాళ్ళ చేతిలో ఉండదని మొదటి పేజీలోనే రాయి. మంచివాళ్ళు దానికి నొచ్చుకోరు.

ఆదివారంలోగా పేజీన్నరలో రాసి పంపు. ప్రపంచస్థాయి అన్న మాట అందులో కనబడితే తిప్పి పంపేస్తాను. నాలుగో ఏడాది ఆ నర్సు జీతం ఎక్కణ్ణించి వస్తుందో కూడా రాయి. అది తేలకపోతే కొంత మూలనిధిగా పెట్టమని వాళ్ళనే అడుగుదాం, నేనూ నీతో వస్తాను.

మీ పెదనాన్న