‘చి’: చీనా తత్త్వమున జీవశక్తి

ప్రాచీన చీనా తాత్త్వికులు ప్రాణికి ఆధారమైన శక్తిని ‘చి’ అనిరి. ఆ పదమునకు ఆవిరి, ఊపిరి అను అర్థములును కలవు. దానిని వ్రాయు సంప్రదాయాక్షరమున బియ్యపు గుర్తు ఇమిడియున్నది.

‘చి’ కూడుట జననము, చెదరుట మరణము అని చువాంగ్ త్సు పేరిట గల గ్రంథము తెలుపును. ప్రాణులకే కాక జడపదార్థములకును ఇదియే మూలము. నీరు గడ్డకట్టి మంచై, కరగి మరల నీరగునట్లే, ‘చి’ ఘనీభవించి వస్తువులై, విడివడి మహాశూన్యమున లీనమగునని చాంగ్ త్సాయి (1020–1077) వివరించెను. కావున ఇది మన ‘ప్రాణ’ శబ్దమునకు సన్నిహితమే కాని పర్యాయము కాదు.

మరి ఈ శక్తిని పెంపొందించుట ఎట్లు? క్రీ.పూ. 4వ శతాబ్దివాడైన మెన్షియస్ చెప్పిన సమాధానము గమనింపదగినది. ధర్మాచరణము దినదినము కూడుకొనగా ‘చి’ లోపలినుండి వర్ధిల్లును; అంతరాత్మ సమ్మతింపని పని చేసినచో క్షీణించును. ఇందులకు ఆయన ఒక కథ చెప్పెను. సుంగ్ రాజ్యమున ఒక రైతు తన పైరు ఎదుగుట లేదని ఆరాటపడి, మొలకలను ఒక్కొక్కటిగా పైకి లాగి, అలసి యిల్లు చేరెను. కుమారుడు పరుగున పోయి చూచునప్పటికి అవి యన్నియు వాడిపోయియుండెను.

ప్రయోజనము లేదని కలుపు తీయనివాడు పైరును ఉపేక్షించును. తొందరపడి లాగువాడు దానిని చంపును. ధర్మమును విడువక, ఫలమునకై త్వరపడక యుండుటయే ‘చి’ని పోషించు మార్గము.