రిఫైండ్ అను పదము

ఆంగ్లభాషలో రిఫైండ్ అను విశేషణము కలదు. అంగడిలో దీనిని చక్కెరకును నూనెకును చేర్చి చెప్పుదురు. గ్రంథములలో మనుష్యుల నడవడికిని చేర్చుదురు. ఒక్క మాట ఈ రెంటికిని ఎట్లు చెల్లినదో విచారింపదలచితిమి.

ఉత్పత్తి: ఫైన్ అను మాట ఫ్రెంచి భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. దానికి మూలము లాటిను భాషలోని ఫీనిస్ అను శబ్దము. ఫీనిస్ అనగా హద్దు, అంతము. శ్రేష్ఠతయొక్క తుదిమేరను ముట్టిన వస్తువు ఫైన్ అనబడెను. దీనికి ముందు రి అను ఉపసర్గము చేరగా, మిక్కిలి శుద్ధి చేయుట యను నర్థముగల క్రియ యేర్పడెను. చేయబడినది యను రూపము రిఫైండ్. మన సంస్కృతము అను శబ్దమును ఇట్లే యేర్పడినది. చక్కగా చేయబడినది యని దానికర్థము. మర్యాద యను మాటకును మొదటి యర్థము హద్దే యగుట గమనింపదగినది.

ప్రయోగము: 16వ శతాబ్దపు చివరి భాగమున ఈ మాట లోహశుద్ధికి వాడబడుచు, కొలదికాలములోనే వాక్కునకును నడవడికిని వ్యాపించెను. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలునందు బంగారమునకును వెండికిని ఇది విశేషణముగా నున్నది. విశాఖపట్టణమున 1957లో పని ప్రారంభించిన ముడినూనె శుద్ధి కర్మాగారమును రిఫైనరీ యనుటయు ఈ క్రియనుండియే.

దీనికి దగ్గఱ మాటలు మూడు గలవు. పొలైట్ అనగా మొదట నునుపు చేయబడినది. అది పైపై మర్యాదకును చెల్లును. అర్బేన్ అనునది నగరవాచకమునుండి పుట్టినది. మన నాగరిక శబ్దమువంటిది. జెంటీల్ అనునది వంశమును సూచించు మాటనుండి వచ్చినది. రిఫైండ్ అను మాటలో నగరమును లేదు, వంశమును లేదు. శుద్ధి చేయు పనియే యున్నది. కావున ఇది పల్లెవానికిని పట్టణవానికిని సమానముగా చెల్లును.

ఈ యర్థము మునగపాక ప్రాంతపు బాలురకు తెలియుట కష్టము కాదు. గానుగనుండి వచ్చిన చెరకురసమును పెనములో కాచునప్పుడు, కొంచెము సున్నము వేయగా మడ్డి పైకి తేలును. దానిని మాటిమాటికి తీసివేయుదురు. మడ్డి తీసినకొలది పాకము తేటయగును. మఱికొందఱు బెల్లము పచ్చగా మెఱయుటకై హైడ్రోస్ అను మందును కలుపుదురు. దానివలన రంగు తేలును గాని శుద్ధి కలుగదు. పైగా తినువారికి హాని.

మనుష్యులయందును ఈ రెండు విధములు కలవు. నాలుగు ఆంగ్లపు మాటలు నేర్చి, చలువబట్టలు కట్టి, పెనమువద్ద మసిబట్టిన తండ్రిని స్నేహితులకు చూపుటకు సిగ్గుపడు బాలుని రిఫైండ్ అనరాదు. అతనికి రంగు మాత్రమే పట్టినది. చదువురాకున్నను, ఇంటికి వచ్చిన కూలివానికి ముందు మంచినీళ్లిచ్చి పిమ్మట పని చెప్పు రైతు ఆ విశేషణమునకు తగినవాడు.

విద్యార్థులారా! విద్యయనునది కాచుటవంటిది. కోపము, అసూయ, పరుషవాక్యము అను మడ్డి పైకి తేలినప్పుడు విసుగక తీసివేయుడు. తలిదండ్రులును తమ బిడ్డల మార్కులతోపాటు మాటతీరును కనిపెట్టుదురు గాక. చెరకులోని తీపి చెరకుదే. దానిని మఱుగుపఱచు మడ్డిని తీయుటయే మన పని.