శక్తి కొలది కాయకము: మల్టిపుల్ స్క్లీరోసిస్ గల గృహిణి ఇంటి పనులు

శరణ ధర్మమునందు కాయకమునకు గల స్థానము పాఠకులకు తెలియనిది కాదు. ఏ పనియు హీనము కాదనియు, తన కష్టముతో సంపాదించినదే దాసోహమునకు తగినదనియు బసవేశ్వరాది శరణులు బోధించిరి. కాని చేయవలెనను కోరిక నిండుగా నున్నను శరీరము సహకరింపని వారి మాట యేమి? నిన్న బిందెడు నీళ్లు మోసిన చేయి నేడు చెంబునైనను పట్టలేనప్పుడు ఆ గృహిణి తన కాయకమును విడిచినట్లేనా? ఈ పాఠమునందు విచారింపబడు విషయ మిది.

12వ శతాబ్దమున కళ్యాణమునందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతులుండిరి. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, దాసోహము చేయుట వారి కాయకము. ఒకనాడు మారయ్య అవసరమునకు మించిన బియ్యము తేగా, మిగులు బియ్యమును మరల అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ చెప్పెనని పరంపర. ఈ కథను సామాన్యముగా దురాశ కూడదను నీతికై చెప్పుదురు. దీనియందు మరియొక పాఠము కలదు. కాయకమునకు ఒక కొలత కలదు. ఆ కొలతను దాటినది, చూపులకు ఎంత గొప్ప పని యైనను, కాయకము కాదు. రోగముతో నున్న గృహిణికి ఈ కొలత తన శరీరమే.

రోగ స్వరూపము

మెదడునుండియు వెన్నుపామునుండియు అవయవములకు ఆజ్ఞలను కొనిపోవు నాడీ తంతువులపై మైలిన్ అను పొర యుండును. పొలములోని మోటారుకు కరెంటు తెచ్చు తీగపై తొడుగు ఎట్టిదో ఈ పొర యట్టిది. శరీరమును కాపాడవలసిన రోగనిరోధక శక్తియే దారి తప్పి ఈ పొరను దెబ్బతీయుటచే కలుగు రోగము మల్టిపుల్ స్క్లీరోసిస్. తొడుగు చెడిన తీగలో కరెంటు తడబడునట్లు, మెదడు ఆజ్ఞ చేతికి, కాలికి, కంటికి సరిగా చేరదు. దీనిని ప్రత్యేక వ్యాధిగా 1868లో షార్కో అను ఫ్రెంచి వైద్యుడు వివరించెను. ప్రపంచమున సుమారు 29 లక్షల మందికి ఈ రోగము కలదని 2023 నాటి అంచనా. ఇది పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వచ్చును. ఎక్కువ మందికి 20 నుండి 40 ఏండ్ల మధ్య, అనగా సంసార భారము నిండుగా నున్న వయస్సుననే, బయటపడును. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమును కాదు.

తిమ్మిరి, నడకలో తూలుట, చేతి వణుకు, మూత్రము ఆపుకొనలేకపోవుట, ఒకటి రెండుగా కనిపించుట దీని లక్షణములలో కొన్ని. కంటి నరము వాచినప్పుడు చూపు మసకబారుటయే గాక, ఎరుపు రంగు వెలిసిపోయినట్లు కనిపించును. మిర్చి కళ్లములో ఎర్రని కాయనుండి తాలుకాయను ఏరు స్త్రీకి రంగులు ఒక కంటికి ఒకరీతిగా, రెండవ కంటికి వేరొకరీతిగా తోచినచో అది పరాకు కాదు. వెంటనే వైద్యునకు చూపవలసిన లక్షణము.

అన్నిటిలో ఎక్కువ అపార్థమునకు గురియగునది అలసట. ఇది పని చేసిన పిదప వచ్చు మామూలు బడలిక కాదు. రాత్రి నిద్రించి లేచినను, ఏ పనియు ముట్టకమునుపే ఒళ్లు సీసమైనట్లు తోచును. పైకి మనిషి ఆరోగ్యముగనే కనిపించును. అందుచేత "వంట చేయమన్నప్పుడే నీరసమా?" అను మాట ఎన్నో ఇండ్లలో వినబడును. ఆ మాటకు వెరచి ఆమె శక్తికి మించి పని చేయును, పడిపోవును, లేక కాల్చుకొనును. తరువాత రెండు దినములు మంచము దిగలేదు. రోగము చేయు కీడుకు ఆ మాట తోడగుచున్నది.

ఎండ, వేడి

1890లో ఊట్‌హోఫ్ అను జర్మన్ నేత్రవైద్యుడు, ఈ రోగులలో కొందరికి శ్రమించిన పిదప చూపు మందగించి, విశ్రాంతితో తిరిగి వచ్చుటను గమనించెను. శరీరపు వేడి పెరుగుటయే ఇందుకు కారణమని తరువాత తెలిసినది. వేడి అర డిగ్రీ పెరిగినను దెబ్బతిన్న నాడి పని మందగింపవచ్చును. చల్లబడినంతనే మరల కుదుటపడును. కావున ఇది రోగము ముదిరిన గుర్తు కాదు. అయితే క్రొత్త లక్షణము 24 గంటలకు మించి నిలిచినచో, లేదా జ్వరము వచ్చినచో, వైద్యుని చూడవలెను.

గుంటూరు, ప్రకాశం మైదానములలో ఈ విషయము ప్రాణసమానము. 2022లో పల్నాడు జిల్లాలో చేరిన రెంటచింతల ఎండలకు పేరు పొందినది. మే నెల మధ్యాహ్నమున రేకుల కప్పు క్రింద, పొయ్యి ముందర నిలుచుట ఈ రోగికి తగదు. వంట ఉదయము ఎండ ముదరక ముందే ముగించవలెను. పనికి ముందు చల్లని నీళ్లతో స్నానము, మెడచుట్టు తడిగుడ్డ, కుండ నీరు, పలుచని మజ్జిగ ఈ నాలుగును ఖర్చు లేని ఔషధములు. మూత్రమునకు భయపడి నీళ్లు త్రాగుట తగ్గించుకొనరాదు. ఎండాకాలమున అది క్రొత్త చిక్కులు తెచ్చును.

శక్తిని వంతులుగా వాడుట

నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూముల రైతుకు వంతు నీటి విలువ తెలియును. వచ్చిన నీటిని మొదటి మడిలోనే పారించినచో చివరి మడి ఎండును. రోగి శక్తియు అట్టిదే. ఉదయము లేచునప్పటికి ఆనాటి వంతు ఆమె చేత నుండును. దానిని ఏ పనికి ఎంత పెట్టవలెనో ముందుగా నిర్ణయించుకొనవలెను.

ఇందుకు ఒక వారము పాటు చిన్న పుస్తకములో ఏ గంటకు ఏ పని చేసినది, ఎప్పుడు అలసినది వ్రాసికొనవలెను. అలసట వచ్చు వేళ తెలియును. అప్పుడు పనులను మూడు భాగములు చేయవలెను: తాను తప్పక చేయవలసినవి, ఇతరులు చేయగలవి, మానివేసినను నష్టము లేనివి. అలసిన పిదప కూర్చుండుట కాదు, అలయకమునుపే కూర్చుండుట అలవరచుకొనవలెను. ఇరువది నిమిషముల పని, పది నిమిషముల విశ్రాంతి అను క్రమముతో మొదలిడి, తన శరీరమునకు సరిపడునట్లు మార్చుకొనవచ్చును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అను స్త్రీ ఇంజనీరు ఇంటి పనిలోని వృథా నడకలను, వంగుటలను లెక్కించి తగ్గించెను. 1940ల చివర గుండెజబ్బు గల గృహిణుల కొరకు ఆమె ప్రత్యేకముగా వంటఇంటిని రూపొందించెను. లోపము గృహిణిలో లేదు, వంటఇంటి అమరికలో నున్నదని ఆమె పని చూపినది.

వంటఇల్లు

గట్టు ముందు నిలిచి వండుటకు బదులు, పాదములు ఆనునట్టి ఎత్తైన బల్లపై గాని, వెనుక ఆనుడు గల కుర్చీపై గాని కూర్చుండి వండవచ్చును. ప్రతిదినము వాడు ఉప్పు, కారము, పప్పు, నూనె నడుము నుండి భుజము వరకు గల ఎత్తులో, కూర్చున్న చోటికి అందునట్లు ఉంచవలెను. నేలపై కూర్చుండి కత్తిపీటతో తరుగుట తిమ్మిరి చేతికి ప్రమాదము, లేచుట మరియొక శ్రమ. బల్లపై చిన్న కత్తితో తరుగుట మేలు. వణుకు ఎక్కువైనచో ఆ పని ఇంకొకరిది.

అన్నమునకు గంజి వార్చుటకంటె అత్తెసరు పెట్టుట క్షేమము. వేడి గంజితో నిండిన గిన్నెను వంచు నిమిషమే కాలిన గాయములకు నెలవు. నిండు పాత్రను ఎత్తక, గట్టుపై జరుపవలెను. కూరను గిన్నెతో దింపక, పొయ్యి ఆర్పి, చల్లారిన పిదప గరిటెతో చిన్న గిన్నెలోనికి తీయవచ్చును. వేడి తెలియని చేతికి మసిగుడ్డ చాలదు. గట్టి పట్టకారో, మందమైన చేతితొడుగో కావలెను. పలుచని పిడి గల గరిటెలకు గుడ్డ చుట్టినచో పట్టు కుదురును. రోలు, రోకలి పనిని మిక్సీకి అప్పగించుట సోమరితనము కాదు.

బిందె నింపి మోయుటకు బదులు, కుళాయికి గొట్టము తగిలించి, ఉన్నచోటనే బిందెను సగము నింపుట సులభము. త్రాగు నీటిని చెంబులతో తెచ్చుకొనవచ్చును.

స్నానము, ఉతుకు, వాకిలి

స్నానాల గదిలో కుర్చీ వేసుకొని కూర్చుండి స్నానము చేయవలెను. గోడకు గట్టి కడ్డీ బిగించవలెను. నేల తడి లేకుండ తుడువవలెను. నీటి వేడిని తిమ్మిరి లేని అవయవముతో గాని, ఇంకొకరి చేతితో గాని చూడవలెను. వారమునకొకసారి బట్టల మూట ఉతుకుటకంటె దినమునకు నాలుగు బట్టలు ఉతుకుట మేలు. దండెమును భుజముల ఎత్తునకు దించినచో చేతులు పైకెత్తు శ్రమ తప్పును. వాకిలి ఊడ్చుటకు పొడుగు కఱ్ఱ చీపురు కావలెను. వంగి పెద్ద ముగ్గు పెట్టలేని నాడు గడప ప్రక్కన చిన్న ముగ్గు చాలును. రాత్రివేళ మంచము నుండి స్నానాల గది వరకు దీపముండవలెను. దారిలో పీటలు, గోనెపట్టాలు ఉండరాదు.

మిర్చి, పత్తి, ఆవకాయ

ఈ ప్రాంతపు ఇల్లు వంటఇంటితో ముగియదు. పత్తి తీయుట, మిరపకాయ కోయుట, కళ్లములో ఆరబెట్టుట, తొడిమలు తీయుట సంసారపు పనిలో భాగములే. ఎండలో నడుముకు ఒడి కట్టి పత్తి తీయుట ఈ రోగికి తగదు. నీడలో కూర్చుండి కూలి లెక్కలు, తూకపు చీటీలు చూచుట తగును. ఆ కాయకము తక్కువది కాదు. తొడిమలు తీయునప్పుడు మందమైన చేతితొడుగు తప్పదు. మొద్దుబారిన చేతికి కారపు మంట తెలియదు. ఆ చేయి కంటిని తాకిన పిదపనే తెలియును.

ఆవకాయ మే నెల పని. ముక్కలు కొట్టుట, జాడీలు ఎత్తుట, ఇంటిల్లిపాదికి సరిపడ కలుపుట ఒక దినమున ఒకరే చేయుట వలన రోగి పడకెక్కును. ముక్కలు ఒకరు, కారము, ఆవపిండి కొలుచుట ఒకరు, కలుపుట ఒకరు పంచుకొనవలెను. పాళ్లు చెప్పుట, ఉప్పు చూచుట గృహిణి వంతు. చేయి తీసివేసినను ఆమె అనుభవము జాడీలో నుండును.

లింగపూజ

ఎడమ అరచేత ఇష్టలింగమును నిలుపుకొని పూజించునపుడు చేయి వణకుట, నేలపై కూర్చుండి లేవలేకపోవుట కొందరిని మిక్కిలి బాధించును. అపచారమగునను భయముతో పూజనే మానుకొనువారు గలరు. ఎత్తైన ఆసనముపై కూర్చుండి, మోచేతి క్రింద దిండు గాని, కుర్చీ చేతిని గాని ఆనించినచో అరచేయి నిలకడగ నుండును. వేడి నీళ్ల స్నానమైన వెంటనే కాక, శరీరము చల్లబడిన పిదప పూజకు కూర్చుండుట మేలు. పద్ధతి విషయమున సందేహము గలవారు తమ గురువును అడిగి తెలిసికొనవచ్చును.

ఇంటివారి ధర్మము

గృహిణి అన్నము వడ్డించుటను దాసోహమని మన్నించు ఇంటిలో, గృహిణికి అన్నము వడ్డించుట దాసోహము కాకపోదు. ఏ పనియు హీనము కాదని నమ్మువారు అంట్లు తోముట, బట్టలు ఉతుకుట పురుషునకు చిన్నతనమని తలంపరాదు. అయితే ఆమె చేతిలోని ప్రతి పనిని లాగికొనుటయు సాయము కాదు. ఏది కావలెనో ఆమెనే అడుగవలెను. చేయగలిగిన నాడు చేయనీయవలెను, చేయలేని నాడు కారణ మడుగరాదు. ఈ రోగమున ఒక దినము వలె మరియొక దినము ఉండదు.

వైద్యమును నిర్లక్ష్యము చేయరాదు. రోగము పూర్తిగా పోవు మందు లేదు. కాని దాడులను తగ్గించు మందులు 1993 నుండి వాడుకలోనికి వచ్చినవి. మొదటనే గుర్తించి వాడినచో మేలు అధికము. నరముల వైద్యుని సలహా లేక మందు ఆపరాదు. ఫిజియోథెరపీ నిపుణుడు నేర్పు తేలిక వ్యాయామము కూడ అవసరమే. విశ్రాంతి అనగా కదలకుండుట కాదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుండి రోగులకును, కుటుంబములకును తోడ్పడుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఈ రోగమును చేర్చినది. 40 శాతము, అంతకు మించి వైకల్యము గలదని ధ్రువపత్రము పొందినవారు ఆ చట్టము క్రింద పెక్కు సౌకర్యములకు అర్హులు. పైకి కనిపించని రోగమును చట్టము గుర్తించినది. ఇల్లు గుర్తింపవలసి యున్నది.

కుటుంబ సమేతముగా ఆలోచింపవలసినవి

1. మన ఇంటిలో ఏ పనిని "ఆమె పని" అని పిలుచుచున్నాము? దానిని ఇంకెవరు చేయగలరు?

2. వంటఇంటిలో, స్నానాల గదిలో ఈ వారము ఖర్చు లేకుండ మార్చదగిన మూడు విషయము లేవి?

3. అలసటను సోమరితనమని ఎప్పుడైన అంటిమా? ఆ మాటవలన ఆమె చేసిన మితిమీరిన పని యేది?

4. లక్కమ్మ బియ్యమునకు గీచిన గీతను మన ఇంటి పనికి ఎచ్చట గీయవలెను?