డైకాస్ట్ రేసింగ్ కార్ కొంటున్నారా? ముందు వీల్‌బేస్ కొలవండి

మెగాపిక్సెల్ నంబర్ చూసి ఫోన్ కొనొద్దని ఎప్పుడూ చెప్పుకుంటాం కదా! డైకాస్ట్ మోడల్స్‌లో అలాంటి నంబరే స్కేల్. 1:64 అంటే అసలు కారులో 64 మి.మీ. ఉన్నది మోడల్‌లో 1 మి.మీ. ఉండాలి. కానీ కొన్ని బొమ్మల్ని బాక్సులో పట్టేలా సైజు సర్దేస్తారు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగాక, ఓయూ క్యాంపస్‌లోని మా జూనియర్లకి ఈ పిచ్చి పట్టుకుంది. పాకెట్ మనీ పెట్టి కొన్న మోడల్‌ని తార్నాకలో నా రూమ్‌కి తెస్తే, ముందు వీల్‌బేస్ కొలుస్తాను. అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు దూరం.

ఉదాహరణకి ఫెరారీ 250 జీటీఓ. 1962–64లో 36 మాత్రమే తయారయ్యాయి. అసలు వీల్‌బేస్ 2,400 మి.మీ.

- 1:18లో 133.3 మి.మీ.
- 1:43లో 55.8 మి.మీ.
- 1:64లో 37.5 మి.మీ.

1:64 అని రాసిన దాంట్లో 40 మి.మీ. వస్తే? 2,400 ÷ 40 = 60. అంటే అది 1:60.

రెండోది బాడీ. డైకాస్ట్‌కి వాడేది జింక్ మిశ్రమం. అందులో సీసం కలిసి ఉంటే, తేమకి లోపల్నుంచి దెబ్బతిని ఉబ్బుతుంది, పగుళ్లొస్తాయి. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. ఒకసారి మొదలైతే బాగుచేయలేం. పాత మోడల్ అయితే ఫోన్ మాక్రో మోడ్‌లో తలుపుల అంచులు, అడుగుభాగం చూడండి.

ఆన్‌లైన్‌లో కొంటుంటే, పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపమనండి. పంపనంటే డబ్బులు కట్టకండి.